మూలిగే బండి

వారానికి మూడు రోజులు, కోడి కూయకముందే
బొరివంక నుంచి సోంపేట ఆసుపత్రికి
నా సుమోలో నలుగురు.
ఒళ్లో సంచి, సంచిలో దుప్పటి,
రోజు మొత్తానికీ కొలిచి పోసుకున్న
అరలీటరు నీళ్ల సీసా.

ముందు సీటు ఢిల్లేసు మామది.
పద్దెనిమిదేళ్లు లారీ తోలినవాడు పక్కన కూర్చుంటే
గేరు మార్చడానికి కూడా సిగ్గేస్తుంది.

ఆ వారం మలుపు మలుపుకీ బండి మూలుగుతోంది.
ఎడమకి తిప్పితే దూడ అరిచినట్టు,
కుడికి తిప్పితే
తుప్పు పట్టిన గిలక తిరిగినట్టు.
నేను పాట సౌండు పెంచాను.
మామ చెయ్యి చాపి తగ్గించాడు.

"ఏటిరా రుషీ, అదలగ ఏడస్తంటే పాటెడతావేటి?"
"బెల్టు మామా. అలగే ఉంటాది."
"బెల్టయితే కీచుమంటాది.
ఇది దాహం."

వెనక ముగ్గురూ మాటలాపేశారు.
ఆ మాట ఈ బండిలో ఎవరూ అనరు.

కవిటి దాటాక జీడితోట పక్కన ఆపించాడు.
స్టీరింగాయిలు డబ్బా చూపించమంటే
నేను కూలెంటు డబ్బా చూపించాను.
ఆయన నవ్వలేదు.
నవ్వినా బాగుండేది.

"ముందు మూత సుట్టూ తుడు.
ఒక్క ఇసక రేణువెల్తే పంపు పోద్ది,
మన నేలంతా ఇసకే కదేటి."
తన మెడలో తువ్వాలే ఇచ్చాడు.
మూతకున్న పుల్ల తుడిచి, ముంచి, తీసి చూస్తే
కింది గీత తడవనే లేదు.
దానిమ్మ గింజలా ఉండాల్సింది
జీడిపిక్క సొనలా నల్లబడి, మాడు వాసన.
"ఎప్పుడు మార్సినావు?"
"కొన్నాక..."
"నేదన్నమాట."

డిక్కీలో బ్రేకాయిలు సీసా ఉంది, తెచ్చాను.
నా వైపు, సీసా వైపు చూశాడు.
"సీళ్లు ఉబ్బి సస్తాయిరా బాబూ."

కంచిలిలో షట్టరు తట్టి
కొట్టువాణ్ని లేపి, ఎర్ర నూనె కొన్నాం.
పోయబోతుంటే మళ్లీ ఆపాడు.
టార్చి వేసి గొట్టం పొడుగునా వెతికించాడు.
క్లాంపు దగ్గర తడి.
"కారే సోటు సూడకుండా పోస్తే
అది పొయ్యడం కాదు, పారబొయ్యడం."

బిగించాను. పాతది లాగేసి కొత్తది పోశాను.
"ఆగు."
"ఇంకొంచెం పోస్తే రేపటికి..."
"పై గీత దాటితే వేడికి పొంగి కక్కుతాది."
వెనక నుంచి గున్నమ్మ అందుకుంది:
"నన్నడుగు నాయినా.
పెళ్లిలో ఒక్క గళాసు మజ్జిగెక్కువయ్యి
మూడ్రోజులు ఊపిరాడనేదు."

మామ కిటికీలోంచి ఎడమ చెయ్యి చాపాడు.
"నీ బండేనేటి, నా సెయ్యీ మోగుతాది. పెట్టు సెవి."
మోచేతి మడతలో ఉబ్బిన నరం.
చెవి ఆనించాను.
సన్నగా, ఆగకుండా, గుర్రుమని.
"ఇది మోగితే బాగున్నట్టు.
నీది మోగకపోతే బాగున్నట్టు.
అంతే తేడా."

గాలి పోవాలంటే చక్రాలు లేపి
స్టీరింగు అటూ ఇటూ తిప్పాలట.
అందర్నీ దింపి ముందువైపు జాకీ ఎత్తాను.
నేనెక్కబోతే, అప్పటికే
నా సీట్లో ఆయన.
ఎడమ చెయ్యి ఒళ్లో, పసిబిడ్డలా.
కుడిచేతి చూపుడువేలు చక్రం మీద.

"కొసదాకా తిప్పి పట్టుకోకూడదు" అన్నాడు,
నాతో కాదు, వేలుతో.

డబ్బాలో బుడగలు కల్లు నురగలా లేచాయి.
పగిలాయి. తగ్గాయి.
ఒకటీ అరా.
మూలుగు ఎక్కడ ఆగిందో నేను గమనించనే లేదు.
"చాలు మామా."

వినలేదు.
ఎడమకి, కుడికి, మళ్లీ ఎడమకి
ఎక్కడికీ కదలని బండిని ఒక్క వేలుతో
తిప్పుతూనే ఉన్నాడు.
"మా రోజుల్లో దీనికి రెండు బుజాలూ పెట్టీవోళ్లం"
హైవే మీద పోయే లారీల దీపాలతో చెప్పాడు.

గున్నమ్మ ఆకాశం చూపించింది.
ఆరున్నరకి మొదటి షిఫ్టు,
ఆలస్యమైతే మంచం ఇంకొకరిది.

జాకీ దించాను.
"దిగు మామా" అనడానికే
కొంచెం టైము పట్టింది.