తొంభై నాలుగో ప్రతిపాదన

ఫెర్రీ ఆగిపోయిన వారం మొదలుపెట్టాం.
హీయుమా దీవిలో, మూతపడ్డ బడి వంటగదిలో
నలుగురం: ఇంద్రెక్, విర్వె, నేను, కౌపొ.
ఈ ఆటకి పావుల్లేవు. నియమాలే పావులు.
నీ వంతు వచ్చిందా, ఒక నియమం మార్చమని అడుగు.
ఎలా అడగాలన్నదానికీ నియమాలున్నాయి,
కావాలంటే వాటినీ మార్చమని అడుగు.

కాగితం మీద రాయాలి, నోటిమాట చెల్లదు.
ఒకటే వాక్యం.
విర్వె ఓసారి కామాలు పట్టుకుని రెండు పేజీలు ఈదింది,
ఆ రాత్రే నలభై మాటల గీత గీశాం.
పైకి చదివాక దిద్దకూడదు.
గెలిచినా ఓడినా దానికో అంకె.
ఓడినదాని అంకె మరొకదానికి ఇవ్వం.
పుస్తకం నా దగ్గరుండేది, నీలి సిరా, బంగాళాదుంప మరక.

మొదటి పన్నెండూ రాతి నియమాలు.
రాతిని కదపాలంటే ముందు మట్టి చెయ్యాలి,
అందుకు అందరూ ఊఁ అనాలి.
ఒక్క తల అడ్డంగా ఊగిందా, రాయి రాయే.
మిగతావన్నీ మట్టివే, ముగ్గురు చాలు.
పచ్చ స్వెటర్ వేసుకుంటే రెండు ఓట్లన్నాడు ఇంద్రెక్.
మర్నాడు నలుగురమూ పచ్చగా వచ్చాం,
కౌపొ వాళ్ళ అమ్మ గౌనులో.

యాభై ఎనిమిది కౌపొది:
"పలకనివాడి ఓటు, కాదన్నట్టే లెక్క."
మౌనం అర్ధాంగీకారమంటారు కదా అన్నాను.
"మా నాన్న అలాగే అనేవాడు,
ఇంట్లో ఎవరినీ పలకనిచ్చేవాడు కాదు" అన్నాడు,
చెంచాతో టీ తిప్పుతూ, చక్కెర వేసుకోకుండానే.
గెలిచింది.
అరవైలో దాన్ని రాతిగా మార్చాం, నాలుగు చేతులూ లేచాయి.

పగలు అతని పని సముద్రం మీద.
గడ్డకట్టిన నీటికి చిల్లు వేసి మందం కొలిచి
దారికి అటూ ఇటూ జునిపర్ కొమ్మలు పాతేవాడు.
ఆ దారిలో సీటుబెల్టు పెట్టుకోకూడదు,
మంచు విరిగితే తలుపు తీసుకుని దూకాలి.
అది మా ఆటలోది కాదు, సర్కారు నియమం.
మార్చిలో ఒక మంగళవారం
బెల్టు పెట్టుకోకుండానే వెళ్ళాడు.
తలుపు తెరుచుకోలేదు.

ఏప్రిల్లో మళ్ళీ కూర్చున్నాం.
ఎవరు రమ్మన్నారో గుర్తులేదు.
ఏడో నియమం, రాతిది: ఆటగాడి పేరు కొట్టేయాలంటే
అతనితో సహా అందరూ ఒప్పుకోవాలి.
తొంభై రెండు, ఇంద్రెక్ గొంతు పెగల్చుకుని చదివాడు:
కౌపొ పేరు తీసేద్దాం.
మూడు చేతులు లేచాయి. కుర్చీ పలకలేదు.
పుస్తకంలో రాశాను: మూడు ఔను, ఒకటి కాదు.
"చూశావా మొండివాణ్ణి" అని నవ్వింది విర్వె,
ఆ నవ్వు మధ్యలో ఎటో వెళ్ళిపోయింది.
తొంభై మూడు ఆమెది:
కౌపొ పేరు ఎప్పటికీ ఉండాలి, రాతిగా ఉండాలి.
మూడు ఔను, ఒకటి కాదు.
పొమ్మన్నా పోడు, ఉండమన్నా ఉండనంటాడు.

నా వంతు.
నాలుగో నియమం గుర్తుందా అనడిగాను:
ఏ మార్పూ వెనక్కి వర్తించదు,
ఓటు ముగిసిన క్షణం నుంచే అమలు.
దాన్ని మట్టి చెయ్యమని రాశాను, పదకొండు మాటల్లో.
ఎందుకని ఎవరూ అడగలేదు.
మట్టి అయితే తర్వాతి వంతులో
ఆ మంగళవారం దాకా వెళ్ళొచ్చు కదా, అంతే.
ఇంద్రెక్ చెయ్యెత్తాడు, పిల్లాడిలా, చాలా పైకి.
విర్వె ఎత్తింది. నేనెత్తాను.
చూరు నుంచి మంచు కరిగి బకెట్లో పడుతోంది.
తొంభై నాలుగు: ఓడింది.
సిరా ఆరేదాకా పుస్తకం మూయలేదు.

వంతు ఎడమకి వెళ్తుంది.
నా ఎడమన కౌపొ.
రేవులో ఫెర్రీ కూత వేసింది, ఈ ఏడాది మొదటిది.
ఎవరమూ లేవలేదు.
ఒకరి వంతు కోసం ఎంతసేపు ఆగాలన్నది
తొంభై నాలుగింటిలో ఎక్కడా రాసుకోలేదు.