చెంచా కదలకపోతే అది నేనే

వల్పరాయిసోలో ఏ ఇల్లూ నిటారుగా ఉండదు.
కొండకి చేరగిలబడి
ఒకదాని భుజమ్మీద ఒకటి, రేకు గోడల ఇళ్ళు.
ఇలాంటి ఊళ్ళో నాకు తల తిరిగే జబ్బు రావడం
చేపకి జలుబు చేసినట్టుందని
మా చెల్లెలు బెర్నార్దా నవ్వింది.
మొదటి ఏడాది నవ్వింది.

ఇప్పటికి పదకొండేళ్ళు.
ఎడమ చెవిలో ఎవరో కెటిల్ పెట్టి మర్చిపోయారు.
కొన్నాళ్ళు సన్నగా మరుగుతుంది,
కొన్నాళ్ళు రేవు వదిలే ఓడలా కూస్తుంది.
ఆ కూత ఆగిన క్షణాన
గది మెల్లగా తిరగడం మొదలెడుతుంది.
కళ్ళు తిరిగాయా అంటారు.
కళ్ళు ఉన్నచోటే ఉంటాయి.
బల్ల, గోడ, గోడ మీది మా నాన్న ఫోటో,
అవి తిరుగుతాయి.

నా పని కొండ లిఫ్టు దగ్గర.
ఒక పెట్టె ఎక్కుతుంటే ఇంకోటి దిగుతుంది.
పై గదిలో మీట పట్టుకుని నేను.
"పనిలో ఎత్తులుంటాయా?" అని అడిగాడు డాక్టరు.
"డెబ్బై మీటర్లు, రోజుకి నూట అరవై సార్లు" అన్నాను.
ఆయన పెన్ను ఆగిపోయింది.
"కానీ అక్కడ ఎప్పుడూ రాలేదు డాక్టర్,
వంటింట్లో వస్తుంది. ఉల్లిపాయ తరిగేటప్పుడు."
ఆ మాట ఆయన రాసుకోలేదు.

ఉప్పు మానమన్నారు.
కిటికీ అద్దం తుడిస్తే గుడ్డకి ఉప్పంటే ఊళ్ళో!
ఒక ఆదివారం, చప్పిడి సూపు ముందు నుంచి లేచి
బాల్కనీ ఇనప కమ్మీ నాకాను.
ఎవరికీ చెప్పలేదు, మీకే.

కింది మెట్ల దగ్గర ఇస్మేనియా గారుంటారు.
ఆరేళ్ళుగా ఆమె నాలుక మండుతోంది.
టార్చి వేసి చూసిన ప్రతివాళ్ళూ "ఏమీ లేదే" అన్నారు.
విని విని, ఇప్పుడామే ముందుగా నోరు తెరిచి
"ఏమీ లేదు కదూ?" అంటుంది.
తెయోఫిలో ఎండలో అడుగు పెడితే తుమ్ముతాడు,
సరిగ్గా మూడు. రెండుతో ఆగిన రోజు
దిగులుగా సాయంత్రం దాకా సూర్యుడి కేసి చూస్తాడు.
మేం ఎలా ఉన్నావని అడుక్కోం.
"ఇవాళ ఎంత?" అంటాం.
"సగం."
"ఇంకా ఒకటి బాకీ."

నేల ఊగే దేశం మాది.
ఊగింది నేలో నేనో తేలాలి కదా,
అందుకని దారానికి ఒక చెంచా వేలాడదీశాను,
ఇంట్లో ఒకటి, పని గదిలో ఒకటి.
కదిలితే భూమి.
కదలకపోతే నేను.

మొన్న ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం
గది పక్కకి ఒరిగింది. నాదే అనుకున్నాను.
చెంచా వైపు చూడనైనా లేదు.
పదకొండేళ్ళ అలవాటు కొద్దీ
ఎదురు గోడ మీది మేకుకి చూపు కట్టేసి
మీట మెల్లగా లాగి పెట్టెలు ఆపేసి
"కూర్చో, పోతుంది" అనుకున్నాను, కాస్త గట్టిగా.
లోపలివాళ్ళు తమతో అన్నానని కూర్చున్నారు.

అప్పుడు కనబడింది చెంచా,
తెగిన బల్లితోకలా కొట్టుకుంటూ.

ఎంత ధైర్యం అన్నారంతా.
మునిసిపాలిటీ వారు కాగితం ఇచ్చారు,
ఎదువిహెస్ కార్కమో అన్న నా పేరులో ఒక అక్షరం మింగేసి.
ధైర్యం కాదయ్యా, మీకు ఇవాళే కొత్త, అనలేదు నేను.
ఇంకోటి కూడా అనలేదు:
ఆ చెంచా చూసినప్పుడు నాకు సంతోషం వేసింది.
ఊరు ఊరంతా నా వంటింట్లోకి వచ్చి
గుంజలు పట్టుకుని, చూపు నిలపడానికి
ఒక మేకు వెతుక్కుంటోంది.
నలభై సెకన్లు. తర్వాత ఎవరిళ్ళకి వాళ్ళు.

ఆ రాత్రి కెటిల్ కూత ఆగింది.
మంచం అంచు పట్టుకుని చెంచా వైపు చూశాను.
కదల్లేదు.
సరే, నేనేనన్నమాట.
గోడ తడుముకుంటూ
దీపం ఆర్పడానికి లేచాను.