ఆఖరి బస్తా

జడ్చర్ల సర్కారు కాలేజీల రెండేండ్లు చదివిన.
మూడో ఏడుకు పట్నంల యూనివర్సిటీకి మారాల్నని,
ఎకనామిక్స్ ఆనర్సుల చేరాల్నని నా పంతం.
ఖాళీ సీట్లు నాలుగే.
నోటీసుల నడుమ సన్నటి అక్షరాలు:
"ముందుగా పూర్తి చేసి ఉండవలసిన పేపర్లు."
సూక్ష్మం, స్థూలం, గణాంకాలు,
లెక్కలు ఒకటి, లెక్కలు రెండు.

సూక్ష్మం ఉన్నది నాకు. స్థూలం ఉన్నది.
గణాంకాలు గూడ ఉన్నయి, పేరే వేరే.
మా మెమో మీద "పరిమాణాత్మక పద్ధతులు" అని వడ్డది.
అదే సగటు, అదే విచలనం,
ఆడ గూడ ఈ అట్ట చినిగిన పుస్తకమే చెప్తరట.
"పేరు కలుస్తలేదమ్మా" అన్నడు ఫోన్ల గుమస్తా,
పేరుబలం చూసే అయ్యగారి తీరు.
సిలబస్ పంపాలె, పేజీ పేజీకి ప్రిన్సిపాల్ సంతకం,
గుండ్రటి ముద్ర.
ముప్పై ఒక్క పేజీలు.
పదిహేడో పేజీ కాడ మేడం వేళ్ళు విరుచుకొని
"ఇవన్నీ నీకు నిజంగ చెప్పినమా అలివేలూ?" అన్నది.
నవ్విన. ఆమె నవ్వలే.

ఇగ లెక్కలంటరా,
పదో తరగతి దాటంగనే వాటికి దండం వెట్టిన.
ఇంటర్ల చేరిననాడు లెక్కల సారు పోస్టు ఖాళీ,
కుర్చీ మాత్రం ఉండె.
సీఈసీ తీసుకొమ్మన్నరు, తీసుకున్న.
నా సబ్జెక్టు నేను ఎంచుకున్న అనుకున్న గని
ఆ ఖాళీ కుర్చీ ఎంచింది.

ఓపెన్ యూనివర్సిటీల రెండు పేపర్లకు ఫీజు గట్టిన.
బాదేపల్లిల తమ్ముని గడియారాల దుకాణంల
కూసుంటడు పాలిటెక్నిక్ ల రిటైరైన ఖుద్దూస్ సాబ్.
"పైసలేం వద్దు బేటీ, పొద్దుగాల ఆరింటికి రా, ఆలస్యం కావద్దు" అన్నడు.
గోడ మీద పద్నాలుగు గడియారాలు,
పద్నాలుగు టైములు.

కాగితం మీద వొంపు గీత గీసి
"దీని వాలెంత?" అన్నడు.
"యాడ సార్?" అన్న, తెల్వక.
"యాడ అని అడిగినవ్ సూడు,
గా ఒక్కటి అడగనీకి
నా పిలగాండ్లకు ఆర్నెల్లు వట్టేది."

మార్కెట్ యార్డుల పల్లికాయ దిగిన దినం
నాయినకు సద్ది తీస్కపోయిన.
కాంటా మీద బస్తా బస్తాకు ఒక్క తూకమే.
సేటు తక్‌పట్టీల గూడ ఒక్క రేటే,
ఒకటికి ఇంత, నూటికి నూరింతలు.
గీత గీస్తే సక్కగ వోతది, యాడ సూసినా అదే వాలు.
మా నాయిన కుర్మయ్య మెడ మీద పెట్టి గీస్తే
అరవై దాటినంక వొంగుతది,
ఎనభైకి నిలబడుతది,
అటెన్క నా పుస్తకంల ఆ గీతకు జాగ లేదు.

"నాయినా, ఇయ్యాల ఎన్ని మోసినవ్?"
తువ్వాల దులుపుకుంట అన్నడు:
"ఎవడు లెక్కవెట్టిండు బిడ్డా.
ఆఖరుదొక్కటే యాదికున్నది."

తెల్లారి ఖుద్దూస్ సాబుకు గీ మాట చెప్పిన.
కంటికి వెట్టుకున్న అద్దం తీసి
విప్పిన గడియారం పక్కన వెట్టిండు.
ఆ దినం పాఠం కాలే.
చాయ్ తెప్పిచ్చిండు, రెండు.

పరీక్షలు రాసిన. మంచిగనే రాసిన.
ఫలితాలు ఇరవై ఒకటికంట,
దరఖాస్తు పద్దెనిమిదికే బందు.
ఫారం చివర గడి:
"పూర్తయినది / కొనసాగుచున్నది.
వర్తించనిది కొట్టివేయుము."
బయట లారీకి తాళ్ళు బిగిస్తున్నరు,
హమాలీల కేకలు ఇనవడుతున్నయి.
"పూర్తయినది" కొట్టేసిన.
స్కేలు లేక
గీత కొంచెం వొంపు తిరిగింది.