నేలకి పరుపు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయిందంటారు.
పాత గుంటూరులో దాని వెంటే
నా వంగపాదుల్లో తడి కూడా పోయింది.
వేలు దూరేంత నెర్రెలు.
పొద్దున పోసిన రెండు బిందెలూ
పది గంటలకల్లా ఎటు పోయాయో.

ముప్పయ్యేళ్లుగా పరుపులు కుడుతున్నదాన్ని.
ఎవరి నడుముకి ఎంత మెత్తన కావాలో
మనిషి నడకని చూసి చెప్పగలను.
నేల నడుము సంగతే
ఎప్పుడూ ఆలోచించలేదు.

ఎండాకాలం మట్టికి దుప్పటి కప్పమన్నాడు
విత్తనాల కొట్టు కోటిలింగం.
నవ్వొచ్చింది.
ఊరంతా ఒంటిమీద చొక్కానే బరువనుకుంటుంటే
దీనికి చలేమిటి?
"ఆచ్ఛాదన అంటారు సైదమ్మక్కా" అని
నల్ల ప్లాస్టిక్ చుట్ట ముందుకి తోశాడు, మీటరు లెక్కన.
మధ్యాహ్నం దాని మీద చెయ్యి పెట్టి చూశాను.
అట్ల పెనం.
మడిచి అటకెక్కించాను,
వానల్లో సైకిలు మీదకైనా పనికొస్తుందని.

నా ఇంట్లో దూదికేం కరువు!
పాత పరుపుల్లోంచి తీసిన ముద్దదూది
గంపెడు పరిచాను.
రెండ్రోజులకి నీళ్లు తాగి అట్టకట్టి
చెప్పు అడుగులా బిగుసుకుంది.
మూడోనాడు పోసిన బిందె
పైనుంచే జారి సందులోకి పారిపోయింది.
మా తాతల నాటి వృత్తి అక్కడ ఓడింది.
ఎవరికీ చెప్పలేదు.

యార్డులో బస్తాలు మోసే మా మరిది ఖాసిం
మిరప తొడిమలు తెచ్చాడు, ఊరికే.
అవి ఉన్నన్నాళ్లూ వాకిట్లో తుమ్ములే.
పక్కింటి పసివాడికి కళ్లు మండి
వాళ్లమ్మ నాలుగురోజులు నాతో మాట్లాడలేదు.
తొడిమల్లో దాక్కున్న గింజలు మాత్రం
అడగకుండానే వంగల మధ్య మొలిచాయి.

ఊక గాలికి లేచి పప్పులో పడింది.
వరిగడ్డి మంచిదే,
పరిచిన సాయంత్రమే మేకొచ్చి
పరుపూ తిన్నది, పక్కనున్న తోటకూరా తిన్నది.
వేరుశనగ పొట్టు చీమలకి పెళ్లిభోజనం.

ఒక తెల్లవారుజామున పొగవాసన.
వీధి మలుపులో మార్తమ్మ
ఊడ్చిన వేపాకు, కానుగాకు కుప్పపోసి
ఇంకో అగ్గిపుల్ల గీస్తోంది.
చెప్పుల్లేకుండా పరిగెత్తాను.
"అది నాకివ్వు."
"చెత్తా?"
"పరుపుకి."
నా మొహంలోకి చూసింది, ఎండదెబ్బేమోనని.
నేను పాత పరుపుగుడ్డ తెరిచి పట్టుకుంటే
తనే చీపురుతో లోపలికి నెట్టింది.
బిస్కట్ కవర్లూ ఒక రబ్బరు చెప్పూ
తర్వాత ఏరి పారేశాను.

పరచడం నాకొకరు నేర్పాలా?
నాలుగు వేళ్ల మందం.
బిగించి కూరితే ఎవరికైనా ఊపిరాడదు.
మొదలు చుట్టూ బెత్తెడు వదలాలి,
దిండు మెడ దాకా ఎత్తైతే నిద్రపట్టనట్టే.
ఈ చివరి ముక్క మాత్రం
ఒక వంగమొక్క కుళ్లి ఒరిగిపోయాకే తెలిసింది.

ఇవాళ రోహిణి కార్తె.
రోళ్లు పగిలాయో లేదో చూడలేదు.
మిట్టమధ్యాహ్నం మార్తమ్మ మంచినీళ్లకి ఆగింది.
ఆకులు పక్కకి తోసి
ఆమె వేలు లోపల పెట్టించాను.
తడి. చల్లటి తడి.
కాసేపు వేలు తియ్యలేదు.
"మా రేకుల కింద కూడా ఇట్టా ఉంటే..." అని
మాట అక్కడే వదిలేసి చెంబు అందుకుంది.
పొగ లేని మలుపు వైపు నడిచిపోతుంటే
వెనకనుంచి చూశాను.
కుడికాలు కాస్త ఈడుస్తుంది.

రాత్రి తక్కెడ దించి దూది తూచాను.
నాలుగు కిలోలు.
నడుము దగ్గర ఇంకో గుప్పెడు.