మణికట్టుకి పట్టీ

లిఫ్టులు బాగుచేసేవాణ్ణి నేను.
ముప్ఫై ఒక్కేళ్ళుగా ఈ త్బిలిసి ఊళ్ళో
కింద పడేవాటి లెక్కంతా నా దగ్గరే ఉంది:
తాళంచెవులు, కళ్ళజోళ్ళు,
ఎవరివో పెట్టుడు పళ్ళు,
ఒకసారి ఒక పిల్లి (బతికింది),
రెండు రెంచీలు. అవి నావే.

మొన్న మంగళవారం కెమెరా కూడా పోయేది.
గ్ల్దానీలో, తొమ్మిదో అంతస్తులో, తలుపు తెరిచి
గొయ్యిలోకి వంగాను.
అడుగున ఒక్క బల్బు. ఆ వెలుగు
గ్రీజు తాళ్ళ వెంట పైకి పాకుతోంది.
నాకు తప్ప ఎవరికీ కనిపించని చోటు అది,
తీయకుండా ఉండలేను.
వేళ్ళకి చెమట. జారింది.
మోకాలితో గోడకి అదిమి ఆపాను,
మోకాలు ఇంకా కమిలే ఉంది.

"మెళ్ళో వేసుకోకూడదా ఒతియా మామా"
అన్నాడు మా కుర్రాడు బచానా.
ఒరేయ్, మెళ్ళో తాడుతో లిఫ్టు గొయ్యిలోకి వంగినవాడు
రెండోసారి వంగడు.
కావలసింది మణికట్టుకి.

ఆదివారం, ఎండు వంతెన సంత.
జైరా దుప్పటి మీద పట్టీలు
ఎండకి పడుకున్న పాముల్లా ఉన్నాయి.
తోలుది తొంభై అంది.
ముట్టుకుంటే దూడ చెవిలా మెత్తగా ఉంది, నిజమే.
ఎర్ర అల్లికది ఇరవై అయిదు.
చివర నల్లటిదొకటి, ఏ కుక్క గొలుసునో
కోసి కుట్టినట్టుంది. పన్నెండు.

నాకు తాళ్ళ సంగతి తెలుసు.
తాడు నడుమ తెగదు, తలదగ్గర తెగుతుంది.
మెరిసే చోట కాదు, మెలిక తిరిగే చోట చూడాలి.
మనిషిని మోసే తాడుకి
బరువుకి పన్నెండింతల బలం కావాలి, అది మా రూలు.
కెమెరా ఏడు వందల గ్రాములు.
అంటే ఎనిమిది కిలోల నాలుగు వందలు.

పక్క కొట్టు వాజా దగ్గర దానిమ్మలు తూయించాను.
"కొంటావా?" "వేలాడదీస్తాను."
వాడు జైరా వంక చూశాడు,
జైరా ఆకాశం వంక చూసింది.

తోలుదాన్ని తగిలించనివ్వలేదు.
అదీ ఒక జవాబే.

ఎర్రది తగిలించాను. సంచీ లేచింది,
ఒక్క క్షణం గర్వంగా ఊగింది,
తర్వాత రింగు నోరు తెరిచింది.
దానిమ్మలు వంతెన వాలున నది వైపు పరుగు.
ఓ సైనికుడు రెండు పట్టుకున్నాడు,
ఓ పాప ఒకటి పట్టుకుని తిరిగివ్వలేదు.
పగిలినవి నాలుగు. డబ్బు కట్టాను.
నోరెత్తకుండా కట్టాను.

నల్లదాన్ని తగిలించి వంద లెక్కపెట్టాను.
జైరా కూడా లోలోపల లెక్కపెడుతోందని
పెదాలు చూస్తే తెలిసింది.
కుట్టు కదల్లేదు. రింగు ఉక్కుది.
కెమెరా కంట్లో దూరే సన్న దారం ఒక్కటే
నాకు నచ్చలేదు, దాన్ని నేనే మార్చుకుంటాను.

"పదికి తీసుకుపో," అంది,
"నీ బేరం నాకు కొత్త అలవాటు నేర్పింది."
ఆ ఎర్ర పట్టీల గుత్తిని
దుప్పటి కిందికి తోసేయడం చూశాను.
సాయంత్రానికి మళ్ళీ పైకి తీసిందేమో, తెలీదు.

బుధవారం మళ్ళీ అదే గొయ్యి.
పట్టీ మణికట్టుని గీరుకుపోయింది,
గడియారం పక్కన ఎర్ర చార.
ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో కెమెరా,
బల్బు వెలుగు తాళ్ళ మీద పాకుతోంది.
ఈసారి నా ఊపిరి మోకాలి దగ్గర లేదు.
నాలుగు బొమ్మలు తీశాను, మూడు మసక.

లిఫ్టు నడిచాక తొమ్మిదో అంతస్తు ముసలమ్మ నతేలా
"పెట్టెలో వెయ్యి నాయనా, మొదటి ప్రయాణం నాది"
అంటూ ఇరవై తెత్రీల నాణెం అందించబోయింది.
ఆమె వేళ్ళు వణికాయి,
నా వేళ్ళ నిండా గ్రీజు.
ఇద్దరి మధ్యనుంచి, గడప సందులోంచి
జారిపోయింది.

ఇద్దరం వంగి చెవులు రిక్కించాం.
ఒకటి.
రెండు.
మూడు అనబోతుండగా
టంగుమంది.