కేవు

పన్నెండో సంపుటి వ్రాతప్రతి
నిన్న చేపల వ్యాను కుర్రాడు ఇచ్చి వెళ్ళాడు.
వలతాడుతో కట్టి ఉంది, ఎప్పట్లాగే.
పదకొండోది వచ్చి తొమ్మిదేళ్ళు.
ఈలోగా చదివేవాళ్ళలో కొందరికి జుట్టు నెరిసింది,
కొందరు చివరికేమవుతుందో తెలియకుండానే పోయారు.

నా పని కథ రాయడం కాదు.
కథ తన మాట తానే మరిచిపోకుండా చూడటం.
పద్దెనిమిది చెప్పుల పెట్టెల్లో
ఆ రాజ్యమంతా నా దగ్గర అట్టముక్కలుగా ఉంది.
రాణి ఎడమచేతికి వేళ్ళు నాలుగు, మూడో సంపుటి నుంచి.
ఉత్తరకోట నుంచి ఉప్పుకనుమకి గుర్రం మీద తొమ్మిది రోజులు,
మంచు పడితే పదమూడు.
నిప్పుపాములకి చలికాలం దగ్గు.
ఒకసారి పదకొండు రోజుల్లో రెండు పున్నములు వచ్చాయని
హల్ నుంచి ఓ పిల్లాడు ఉత్తరం రాశాడు.
వాడికి క్షమాపణ నేనే రాశాను, ఆకాశం తరఫున.

రెండు వందల మూడో పుట.
వేల్మార్ నది ఒడ్డు, పొగమంచు.
ఓస్రిన్ అనే పడవవాడు తెడ్డు పక్కన పెట్టి
తాడు ముడి వేస్తున్నాడు.
తల ఎత్తకుండానే సేనాపతి కూతురితో అంటాడు:
“కేవు రెండు కాసులు. గుర్రానికి వేరే.”

టీ చల్లారిపోయింది.
పెట్టె తెరవక్కర్లేదు, అయినా తెరిచాను.
నీలి సిరా, నా చేతిరాతే:
ఓస్రిన్. పడవవాడు. కుడిచెవి తెగి ఉంటుంది.
సంపుటి నాలుగు, పుట మూడు వందల పన్నెండు. మృతి.

మంత్రం లేదు, మూలిక లేదు,
ఏ మాంత్రికుడూ పాతాళం దాకా దిగి బతిమాలలేదు.
చచ్చినవాడు ఊరికే కూర్చుని తాడు ముడేస్తున్నాడు.

ఎర్ర పెన్సిలు చెక్కుకుని
న్యూలిన్ రేవు దగ్గర బస్సెక్కాను.

పెట్రోక్ అంగోవ్‌కి ఎనభై ఒకటి.
కళ్ళద్దాలు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు.
అందుకే మెల్లగా చెప్పాను,
జ్వరమొచ్చిన పిల్లాడికి మందు పోసినట్టు.
విన్నాడు. పొయ్యిలో బొగ్గు సర్దాడు.
“చచ్చాడని నువ్వు రాసుకున్నావు, లవ్‌డే.
నేను మునిగాడని రాశాను.
తేలలేదని ఎక్కడ రాశానో చూపించు.”

నాలుగో సంపుటి ఆయన అలమరలోదే తీశాం.
పడవవాడు గుర్రాన్ని ఒడ్డుకి తోస్తాడు.
మంచు పలక విరుగుతుంది. నీళ్ళ మీద టోపీ.
తర్వాత ఒకే వాక్యం: నది మూతబడింది.
దాని కింద అంతా తెల్లకాగితం.

ఆ ఒక్క మాట నాది.
ముప్పై రెండేళ్ళ కిందట ఒక మనిషిని చంపి
చెప్పుల పెట్టెలో దాచింది నేను.

ఆ అట్ట రాసిన వారం గుర్తుంది.
ఫిబ్రవరి. లైఫ్‌బోటు మూడుసార్లు వెళ్ళింది,
మూడుసార్లూ ఖాళీగా తిరిగొచ్చింది.
డెంజిల్ పేరు చర్చి పలక మీద ఎక్కించే ముందు
ఒక కాగితం నా ముందు పెట్టి
“ఇక్కడ” అని వేలితో చూపించారు.
సంతకం చేసి ఇంటికొచ్చాను.
ఏం చెయ్యాలో తోచక పనిలో కూర్చున్నాను.

ఆయనకి ఇదంతా తెలుసేమో, అడగలేదు.
కెటిల్ కూత పెట్టింది.
పాలు ఎక్కువ పోశాడు, ఎప్పట్లాగే.

సిరా రబ్బరుకి పోదు.
మాటని అలాగే ఉంచి కింద పెన్సిలుతో రాశాను:
సంపుటి పన్నెండు, పుట రెండు వందల మూడు.
తాడు ముడి వేస్తున్నాడు.

అయినా పని పనే.
నాలుగో సంపుటిలో కేవు ఒక్క కాసు.
ఇక్కడ రెండు. ఎర్రగా సున్నా చుట్టి పంపాను.
ఇవాళ ఆ పుట తిరిగొచ్చింది, బూడిద మరకతో.
అంచున వంకర అక్షరాలు:
“ముప్పై రెండేళ్ళు ఒడ్డున కూర్చున్నాడు.
ధర పెంచుకోనీ.”