కొసరు

కుతాయిసీ సంత పక్కన, మెట్ల కింద నా కొట్టు.
నజిబ్రోలా గారు లాప్‌టాప్‌ని తువ్వాలులో చుట్టి తెచ్చింది,
జ్వరమొచ్చిన పిల్లిని తెచ్చినట్టు.

"ఏం అడిగినా చెప్పుల దుకాణానికే లాక్కెళ్తోంది, ఊచా.
రియోనీకి వరదొచ్చిందా అని అడిగాను.
సగం ధరకే బూట్లంది."

తెరిచాను.
బ్రౌజర్ నుదుటి మీద నాలుగు పట్టీలు
ఒకదాని కిందొకటి, తడిగుడ్డల్లా.
చదువుకోడానికి మిగిలింది బెత్తెడు జాగా.
వార్తలో "ఇల్లు" అన్న మాట కింద ఆకుపచ్చ గీత,
తాకితే చాలు
అప్పిస్తామంటూ ఓ పెట్టె లేచి నిలబడుతోంది.

ఆవిడకి కావలసింది ఒక్కటే,
పాటని నెమ్మది చేసే సాఫ్ట్‌వేర్.
వాళ్ళ బృందంలో మంద్రం పాడే ఆయన పోయాడు,
ఆ గొంతు పాత రికార్డింగులో మిగతా రెంటి కింద పడి ఉంది,
దాన్ని అక్షరం అక్షరం ఏరుకోవాలి.
ఉచితం అని రాసి ఉంది.
పాట నెమ్మదించింది కూడా, అబద్ధమెందుకు.

సంతలో లామారా దగ్గర అక్రోట్లు కొంటే
పైన గుప్పెడు కొసరు వేస్తుంది.
ఆ కొసరు సంచిలో పడి గమ్మునుంటుంది.
ఇంటికొచ్చి గడపలు మార్చదు,
మనం ఏ వీధికెళ్ళామో
పొరుగూరి వ్యాపారికి చెప్పి రాదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు నోటరీ ఆఫీసులో ముద్ర వేసిన చెయ్యి ఆవిడది.
ఇల్లమ్ముకునేవాళ్ళయినా, విడిపోయేవాళ్ళయినా
ప్రతి వాక్యం పైకి చదివితే గానీ
కలం ఇచ్చేది కాదట.
"ఇది ఇంగ్లిషులో ఉంది. నాకేం తెలుసు?
ఒక్క బొత్తామే వెలుగుతోంది.
వెలుగుతున్నదే నొక్కాను."

నా చెయ్యి మౌస్ మీద ఆగింది.

తిబిలీసీలో ఏడు నెలలు పనిచేశాను,
రొట్టెల దుకాణం పైన, మూడో అంతస్తులో.
ఇదే కాదు గానీ దీని తోబుట్టువుని చేశాం.
ఎక్కిన ఒక్కో కంప్యూటరుకీ ఇంత అని లెక్క.
"వద్దు" అన్న మాటకి ఏ బూడిద రంగు పూస్తే
కంటికి ఆనదో
పదకొండు రకాలు పరీక్షించాం.
ఆరోది గెలిచింది.
ఆ రోజు మేనేజరు కేకు తెప్పించాడు.
నేను రెండు ముక్కలు తిన్నాను.

ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాను.
నిజంగా పొమ్మంటావా, అని ఏడుపు బొమ్మ పెట్టిందొకటి.
దాని "పొమ్మంటాను" కూడా బూడిద రంగే.
ఇంకొకటి పోయినట్టే పోయి
మధ్యాహ్నం పన్నెండింటికి మళ్ళీ వచ్చేలా
గడియారంలో గుడ్డు పెట్టుకుంది.
బ్రౌజర్ బొమ్మ తోకకి ఎవరిదో చిరునామా కట్టి ఉంది,
చిల్లర దొంగ గుర్రానికి గంట కట్టినట్టు.
విప్పాను.

సాయంత్రానికి పేజీ తెల్లబడింది.
ఆవిడ రియోనీ గురించి మళ్ళీ అడిగింది.
వరద రాలేదట.

"బిల్లు రాయి. పైకి చదువు."
చదివాను. పట్టీలు నాలుగు, తీసివేత.
తోక ఒకటి. గుడ్డు ఒకటి. పది లారీలు.
"కింద ఇంకేమైనా ఉందా, చిన్న అక్షరాల్లో?"

ఏమీ లేదనబోయాను.
బయట లామారా తక్కెడ సర్దుకుంటోంది.
పది కొట్టేసి, కాగితం అంచున
ఏడు నెలలు, మూడో అంతస్తు, ఆరో రంగు
అని గీకాను.

ఆవిడ కళ్ళజోడు పైకి తోసి
కాగితాన్ని దూరంగా, దగ్గరగా పట్టుకుని చూసింది.
తిరిగి నా ముందుకు జరిపింది.

"పెద్దగా రాయి," అంది.